ఎవరికి ఎప్పుడు తెలిసింది? పాలమూరు బాగోతం రాత్రులు, విషాద నాటకాలు

యాసంగి కోతలు అయిపోయి, వలస పోయినవాళ్లు పండుగకు ఇంటికి చేరి, ఊరు నిండుగా ఉండే ఎండాకాలంలోనే మా వైపు బాగోతం కట్టేవాళ్లు. కల్వకుర్తి, అచ్చంపేట, దేవరకొండ, మునుగోడు చుట్టుపక్కల ఊళ్లలో యక్షగానాన్ని యక్షగానం అని ఎవరూ అనరు, బాగోతమే అంటారు. పంతులు ఒకాయన ఊళ్లో మకాం పెట్టి, పగలంతా చేన్ల పని చేసొచ్చిన మనుషులను రాత్రిపూట హార్మోనియం పెట్టె ముందర కూర్చోబెట్టుకొని రెండు మూడు నెలలు నేర్పేవాడు. గజ్జెపూజ అయినంక ఆట. రాత్రి తొమ్మిది పది దాటితేగానీ మద్దెల మోగదు, మోగిందంటే కోడి కూసేదాకా ఆగదు. ముఖానికి అర్దళం అనే పసుపురంగు, భుజకీర్తులు, అద్దాల కిరీటం. ఇద్దరు చెరో కొస పట్టుకున్న తెర వెనకనుంచి రాజు వెడలే దరువు, అంటే రాజు వేషం వచ్చేటప్పటి పాట. గ్యాసుబత్తి వెలుగు తగ్గినప్పుడల్లా ఒకరు లేచి పంపు కొట్టేవారు, ఆ కాసేపూ వేషగాడు రాగం సాగదీసేవాడు.

ఆ ఆటలు చూసినవాళ్లలో చాలామందికి అక్షరం రాదు. అయినా విషాద నాటకాన్ని వాళ్లు చూసిన తీరు, ఆ తర్వాత కాలేజీల్లో గైడు పుస్తకాలు నేర్పిన తీరుకంటే ఎంతో నిశితమైంది. కథ ముందే తెలుసు కాబట్టి "తర్వాత ఏమైతది" అన్న ప్రశ్న వాళ్లకు లేదు. తెల్లారి చేన్ల దగ్గర, బావి దగ్గర, కల్లు మండువలో మాట్లాడుకునేది వేరే.

"ఆ పోరడు ఒక్క మాట నోరు తెరిస్తే అయిపోతుండె గద అక్కా!"

"ఎట్ల తెరుస్తడే? తెరిస్తే నాయిన ఇజ్జత్ ఏం గావాలె?"

పినతల్లి వేసిన నిందకు బలైన రాకుమారుడు సారంగధరుడి గురించి ఇంతకంటే మంచి విమర్శ పుస్తకాల్లో వెతికినా దొరకడం కష్టం. ఆ రెండు మాటల్లోనే విషాద నాటకాన్ని చదివే పద్ధతి మొత్తం ఉంది. ఈ రంగంలో ఈ మనిషికి ఏం తెలుసు? ఏం తెలియదు? తెలిసీ ఎందుకు చెప్పడు? పాత్రకు ఒక గుణం అంటగట్టి వదిలేయడం తేలిక. షేక్‌స్పియర్ నాటకాల్లో ఒథెల్లో అసూయాపరుడు, మక్బెత్ అత్యాశాపరుడు, లియర్ తెలివితక్కువ రాజు, మన సారంగధరుడి పినతల్లి చిత్రాంగి కాముకి. పరీక్షలో మార్కులు కూడా పడతాయి. కానీ ఆ గుణం మొదటి రంగంలోనూ ఉంది, చివరి రంగంలోనూ ఉంది. మరి మనిషి ఆ రాత్రే, ఆ గడియలోనే ఎందుకు కూలిపోయాడో ఆ ఒక్క మాట చెప్పదు.

బాగోతాల్లో ఆడే సారంగధర, హరిశ్చంద్ర కథలు రెండింటికీ మన నేలతో సంబంధం పాతది. రాచకొండ వెలమ ప్రభువుల కాలంలో, 15వ శతాబ్దంలో, గౌరన కవి హరిశ్చంద్రోపాఖ్యానం ద్విపదలో రాశాడు. ఆయనే రాసిన నవనాథ చరిత్రలో సారంగధరుడి కథ ఉంది. అందులో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న రాకుమారుడు సిద్ధుడి దయతో చౌరంగి అనే నాథయోగి అవుతాడు. ఆ రాచకొండలోనే సర్వజ్ఞ సింగభూపాలుడు రసాలమీద, నాటక లక్షణాలమీద రసార్ణవసుధాకరం అనే సంస్కృత గ్రంథం మూడు విలాసాలుగా, అంటే అధ్యాయాలుగా, రాశాడు. నల్లగొండ గుట్టల్లో కూర్చొని రాజు నాటకశాస్త్రం రాసిన చోటే, ఊరి మనుషులు ఆ కథలను వందల ఏండ్లుగా పాడుకుంటూ వచ్చారు. తర్వాతి కాలంలో చెర్విరాల బాగయ్య కవి వంటివాళ్లు రాసిన యక్షగానాలు తెలంగాణ ఊరూరా ఆడారు.

సారంగధరుడి కథనే ముందు తీసుకుందాం, ఎందుకంటే మన దగ్గర విషాదానికి ఇంత తిన్నగా దారితీసే కథ ఇంకొకటి లేదు. రాజమహేంద్రవరం ఏలే రాజరాజనరేంద్రుడు, పెద్దరాణి రత్నాంగి, ఆమె కొడుకు సారంగధరుడు, చిన్నరాణి చిత్రాంగి. ఆ పేరు గల రాజు (1022–1061) చరిత్రలో ఉన్నవాడే, నన్నయతో భారతం రాయించినవాడే. ఈ కథకు మాత్రం చరిత్రలో ఆధారం లేదు. రాజు వేటకు పోయిన వేళ సారంగధరుడి పావురం ఎగిరిపోయి చిత్రాంగి మేడమీద వాలుతుంది. స్నేహితుడు వద్దన్నా వినకుండా దానికోసం లోపలికి పోతాడు. ఆమె మనసు విప్పుతుంది, అతడు తల్లీ అని కాళ్లమీద పడి తప్పించుకుంటాడు. రాజు రాగానే ఆమె నేరం కొడుకు మీదికి తోస్తుంది, రాజు కాళ్లూ చేతులూ నరకమంటాడు.

చిత్రాంగి వేషం ఎక్కడ చెడిపోతుందంటే మొదటి దరువులోనే. తెర తీయగానే కన్ను గీటే ఆడమనిషిగా వస్తే ఇక ఆ పాత్రకు పోయే దారి ఉండదు, ఊరివాళ్లు ఈల వేయడం తప్ప చేసేదేమీ లేదు. ఆ వేషం బాగా కట్టినవాళ్లు మూడు మెట్లుగా నడిపేవాళ్లు. మొదటిది అడగడం. కొన్ని పాఠాల్లో ఆమెకు పెండ్లికి ముందు చూపించిన చిత్తరువు కొడుకుది, తాళి కట్టింది తండ్రి. ఆ ముచ్చట ఉన్న పాఠం ఆడితే, ఆమె అడిగేది తనకు చూపించినదాన్నే అని అర్థమవుతుంది, తప్పు అయినా సరే అర్థమవుతుంది. రెండోది అవమానం. మూడోది భయం. సారంగధరుడు మేడ దిగి పోయినంక, రాజు గుర్రం డెక్కల చప్పుడు వినపడేదాకా ఆమె ఒంటరిగా ఉంటుంది. ఆ ఒంటరి ఘట్టమే మొత్తం ఆటకు ఇరుసు. పిల్లగాడు తండ్రితో ముందు చెబితే తన గతి ఏమిటి? అందుకే తను ముందు చెబుతుంది. పగతో కాదు, భయంతో. పగ అని ఆడితే రాజు దగ్గర ఏడ్చే ఏడుపు నాటకమవుతుంది. భయం అని ఆడితే ఆ ఏడుపు నిజమైన ఏడుపే, చెప్పే మాట మాత్రమే అబద్ధం. రాజు నమ్మడానికి కారణం అక్కడుంది. ఎదురుగా ఉన్నది నిజంగా వణుకుతున్న మనిషి.

రాజు నమ్మడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొడుకు ఆ మేడకు పోయిన మాట నిజం. దాసీలు చూశారు, పావురం అక్కడే ఉంది. విషాద నాటకంలో అబద్ధం ఎప్పుడూ పూర్తి అబద్ధంగా రాదు. ఇక సారంగధరుడు. మా వైపు ఆటల్లో అతడు తను తప్పు చేయలేదంటాడు గానీ పినతల్లి మీద నేరం మోపడు. తండ్రి దగ్గర గెలవాలంటే తండ్రి ఇంటిని నడిబజారులో పెట్టాలి. బావి దగ్గర అక్క అన్నది అదే.

ఇదే కథ గ్రీకుల దగ్గరా ఉంది. క్రీ.పూ. 428లో ఏథెన్స్‌లో ఆడిన యూరిపిడీస్ నాటకంలో ఫేద్రా సవతి కొడుకు హిపాలిటస్ మీద మనసు పడుతుంది, నేరం అతడిమీద రాసిపెట్టి ఉరేసుకుంటుంది. తండ్రి థీసియస్ విచారణ లేకుండా శపిస్తాడు. హిపాలిటస్ నోరు విప్పడు, ఎందుకంటే దాదికి ముందే ప్రమాణం చేసి ఉన్నాడు. మన సారంగధరుడిని కట్టేసింది కుటుంబం పరువు, హిపాలిటస్‌ను కట్టేసింది దేవుళ్ల మీద వేసిన ఒట్టు. రెండుచోట్లా మాట్లాడగలిగిన ఒకే ఒక్కడు మాట్లాడలేని స్థితిలో ఉంటాడు. ఈ కథను తెలుగులో విషాదాంతంగా మలిచినవాడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912). ఆయన విషాద సారంగధరను తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెబుతారు. సిద్ధుడొచ్చి కాళ్లూ చేతులూ తిరిగి ఇవ్వకపోతే జనం ఒప్పుకుంటారా అన్న అనుమానం ఆ రోజుల్లో ఉండే ఉంటుంది. బాగోతంలో మాత్రం సిద్ధుడు తప్పక రావాల్సిందే, రాకపోతే పంతులుకు ఆ ఊళ్లో బువ్వ పుట్టదు.

సారంగధర చూసి పెరిగిన పిల్లలకు డిగ్రీలో ఒథెల్లో పాఠం వస్తే కొత్తగా అనిపించదు. అనిపించకూడదు కూడా. షేక్‌స్పియర్ సుమారు 1604లో రాసిన ఆ నాటకంలో సేనాని ఒథెల్లోకు, అతడి భార్య డెస్డెమోనా కాసియో అనే అధికారితో తప్పుదారి పట్టిందని కింది ఉద్యోగి ఇయాగో నమ్మిస్తాడు, అంతా ఒథెల్లో ఆమెకిచ్చిన చేతిరుమాలు చుట్టూ తిరుగుతుంది. రుమాలు పోవడం ఎంత చిన్న సంగతి, దానికి భార్యను చంపుతాడా అని అడిగేవాళ్లకు ఒకటే మాట. మూడో అంకం మూడో రంగం నిదానంగా చదవండి. డెస్డెమోనా దగ్గర అప్పటికి రుమాలు ఉంది. ఒథెల్లో తల నొస్తోందంటే అదే రుమాలుతో నుదుటికి కట్టబోతుంది. చిన్నది, సరిపోదు అని ఒథెల్లోనే దాన్ని పక్కకు నెట్టేస్తాడు. కింద పడుతుంది. అతడే "వదిలేయ్, లోపలికి పోదాం పద" అంటాడు. ఇద్దరూ పోతారు. ఆ తర్వాత "రుమాలు ఏది" అని పెనుభూతంలా మీద పడే మనిషికి, అది ఎవరి చేతి దెబ్బకు కింద పడిందో గుర్తే లేదు. ఈ ఒక్క చేష్టను నటుడు సరిగా చేస్తే చాలు, సగం నాటకం ప్రేక్షకుడి చేతికి వచ్చేస్తుంది. చాలాచోట్ల డెస్డెమోనా చేతిలోంచి జారిపోయినట్టు చేస్తారు. అప్పుడు నేరం ఆమె అజాగ్రత్త మీదికి పోతుంది, నాటకం బలహీనమవుతుంది.

తర్వాత రుమాలు ఎవరికి దొరికింది? ఇయాగో భార్య, డెస్డెమోనా దగ్గర పనిచేసే ఎమీలియాకు. మొగుడు ఎప్పటినుంచో దొంగిలించి తెమ్మని వేధిస్తున్నాడు, తీసుకుపోయి ఇస్తుంది. ఎందుకని అడుగుతుంది, అతడు చెప్పడు. ఆ వెంటనే వచ్చే రంగంలో డెస్డెమోనా "ఎక్కడ పోగొట్టుకున్నానో ఎమీలియా" అంటే "నాకు తెలియదమ్మా" అంటుంది. ఆ రెండు మూడు మాటల అబద్ధమే ఇయాగో పొడుగాటి ఉపన్యాసాలన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసింది. ఒథెల్లో వచ్చి రుమాలు కోసం గర్జించినప్పుడు ఆమె అక్కడే నిలబడి ఉంది, అప్పుడూ చెప్పదు. ఆమెకు తెలిసింది రుమాలు ఎక్కడికి పోయిందన్నంత వరకే, దాంతో మొగుడు ఏం చేస్తున్నాడో తెలియదు. చివరి అంకంలో రుమాలు అన్న మాట ఒథెల్లో నోట వినగానే ముక్కలన్నీ ఒకచోట చేరతాయి. అప్పుడు మాట్లాడుతుంది, మొగుడు కత్తి దూసినా ఆగదు. ఎమీలియాను ఊరికే పనిమనిషిలా ఆడిస్తే ఈ నాటకానికి అన్యాయం.

ఇట్లాంటి నాటకాలు చదివే పిల్లలకు పనికొచ్చే పద్ధతి ఒకటుంది. తెల్లకాగితం అడ్డంగా పెట్టి ఎడమవైపు పాత్రల పేర్లు, పైన రంగాల నంబర్లు వేసుకోవాలి. రుమాలు ఒక్కదానికే ఆరు పేర్లు చాలు. ఒథెల్లో, డెస్డెమోనా, ఎమీలియా, ఇయాగో, కాసియో, బియాంకా. ప్రతి గడిలో ఆ రంగం ముగిసేసరికి రుమాలు గురించి ఆ మనిషికి ఏం తెలుసో రెండు ముక్కల్లో రాయాలి. మూడో అంకం నాలుగో రంగం చివర కాసియో తన గదిలో దొరికిన రుమాలును తన ప్రియురాలు బియాంకాకు ఇచ్చి ఆ కుట్టుపని అట్లాగే దించి ఇమ్మంటాడు, అది ఎవరిదో అతడికి తెలియదు. నాలుగో అంకం మొదటి రంగంలో ఒథెల్లో దాక్కొని చూస్తాడు. కాసియో నవ్వు కనిపిస్తుంది, మాట వినిపించదు. నవ్వుతున్నది బియాంకా గురించి, ఒథెల్లో అనుకున్నది డెస్డెమోనా గురించి. కాగితం నిండేసరికి ఇయాగో గడి తప్ప మిగతావన్నీ సగం ఖాళీగా కనిపిస్తాయి. పాత్రల ఉద్దేశాలు ఆ ఖాళీల్లోంచే పుడతాయి. ఇయాగోకు కూడా పూర్తిగా తెలియని సంగతి ఒకటే, తన భార్య ఎదురుతిరుగుతుందని.

ఇక కాటి సీను. దానిమీద ఎంత చెప్పినా తక్కువే. చెరువుగట్టు జాతరైనా కురుమూర్తి జాతరైనా, ఊరి చావిడి దగ్గరైనా, హరిశ్చంద్ర ఆడుతున్నారంటే పిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకొని తల్లులు ఆ సీను కోసమే మేలుకొని ఉండేవాళ్లు. బాగోతం హరిశ్చంద్ర వేరు, బలిజేపల్లి లక్ష్మీకాంతం పద్యనాటకం వేరు. కానీ రెండింటినీ జనం ఆ సీనుతోనే తూచేవాళ్లు. జాషువా శ్మశానవాటిక పద్యాలను నటులు ఆ సీనులో చేర్చి పాడటం అందరికీ తెలిసిందే. అవి గొప్ప పద్యాలు, కాదనలేం. కానీ సీనుకు చేటు తెచ్చేవీ అవే. ఒక్కో పద్యానికి వన్స్ మోర్ పడి, హరిశ్చంద్రుడు రాగం మీద రాగం తీసి, ఐదారు పద్యాలు దాటేసరికి ప్రేక్షకుడి కన్నీళ్లు అక్కడే ఖర్చయిపోతాయి. చంద్రమతి కొడుకు శవంతో వచ్చేసరికి హార్మోనియం ఆయన కూడా అలిసిపోయి ఉంటాడు. శవంగా పడుకున్న లోహితుడి వేషం పిల్లగాడు నిజంగానే నిద్రపోయి పక్కకు తిరిగిన రాత్రులూ ఉన్నాయి.

సీను నిజంగా ఎట్లా కట్టి ఉందో చూడండి. కాటికాపరికి వచ్చింది ఎవరో తెలియదు, ఎవరో పేదరాలు బిడ్డను తెచ్చిందనే అనుకుంటాడు. ఆమెకు ఈ కాపరి ఎవరో తెలియదు. చీకటి. కాటి సుంకం కట్టమంటాడు. లేదంటుంది. ఏమీ లేదని ఎట్లా అంటావు, నీ మెడలో తాళి ఉంది గదా, అమ్మి తీసుకురా అంటాడు.

ఆ మాట దగ్గర ఆగాలి. చంద్రమతి తాళి భర్తకు తప్ప మరొకరి కంటికి కనిపించదు. ఆ సంగతి ఆమె మనసులో ఉంది, ప్రేక్షకులకు తెలుసు. అంటే కాపరి ఆ మాట అన్న క్షణాన ఆమెకు తెలిసిపోయింది, ఎదురుగా ఉన్నది మొగుడు. అతడికి ఇంకా తెలియదు. ఒక మనిషికి తెలిసి, రెండో మనిషికి తెలియని ఆ రెండు మూడు ఊపిరుల సందులో సీను మొత్తం ఉంది. ఆమె వెంటనే నాథా అని మీద పడిపోకూడదు. మొదట మెడమీదికి చేయి పోవాలి. తర్వాత శవంవైపు చూపు పోవాలి. ఎందుకంటే మొగుడు దొరికాడన్న సంతోషం, ఆయనకు ఇప్పుడు కొడుకు చచ్చిన మాట చెప్పాలన్న భయం రెండూ ఒకేసారి వస్తాయి. అప్పుడు గొంతు లేస్తుంది. మద్దెల ఆ సందులో కొట్టకూడదు, తాళం కూడా వద్దు. దరువు అలవాటు ఉన్న మద్దెలగాడికి ఇది చెప్పి ఒప్పించడం కష్టమే, కానీ చెప్పాలి.

నటులు చెడగొట్టేది ఎక్కువగా హరిశ్చంద్రుడి వైపునుంచి. చంద్రమతి ఏడుపు తెర వెనక వినపడగానే ఉలిక్కిపడి, గుండెమీద చేయి వేసుకొని, గుర్తుపట్టినట్టే ముఖం పెట్టేస్తారు. ఆయనకు అప్పుడే తెలిసిపోతే సుంకం అడగడం క్రూరత్వమవుతుంది, తాళి మాట అర్థం లేనిదవుతుంది. తెలియని మనిషిగానే, పని చేసుకునే కాపరిగానే మాట్లాడాలి. గొంతులో కొంచెం విసుగు ఉన్నా తప్పు లేదు.

అరిస్టాటిల్ క్రీ.పూ. 4వ శతాబ్దంలో గుర్తింపు ఘట్టాలను రకాలుగా విడగొట్టి, మచ్చ, హారం లాంటి ఆనవాలుతో జరిగే గుర్తింపు అన్నిటికంటే తక్కువ కళ అన్నాడు. కథలోంచే పుట్టుకొచ్చేది గొప్పదన్నాడు. దానికి, తెలియక తండ్రిని చంపి తల్లిని పెండ్లాడిన రాజు ఈడిపస్ కథ చూపించాడు. అక్కడా తెలియడంలో ముందు వెనకలు ఉన్నాయి, రాణి జొకాస్టాకు రాజుకంటే ముందే తెలిసిపోతుంది, ఇక అడగవద్దని బతిమాలి లోపలికి వెళ్లిపోతుంది. కాటి సీనులో తాళి ఆనవాలే, కానీ అరిస్టాటిల్ చెప్పిన తక్కువ రకం కాదు అని గట్టిగా అనవచ్చు. ఆ ఆనవాలు అమ్మమన్న మాటలోంచి బయటపడింది, అంటే అతడి ఉద్యోగంలోంచి బయటపడింది. పైగా గుర్తింపుతో కష్టం తీరదు, ఇంకా ముదురుతుంది. మన అలంకారికుల లెక్కలో చూసినా అంతే. మళ్లీ కలుస్తామన్న ఆశ మిగిలి ఉంటే విప్రలంభం, ఆశ తెగితే కరుణం. చంద్రమతికి కొడుకు విషయంలో ఆశ తెగింది, మొగుడి విషయంలో ఆశ ఇంకా ఉంది. ఆ ఆశ ఫలించిన గడియే కొడుకు చావును ఇద్దరి దుఃఖం చేస్తుంది.

ఆ తర్వాత కూడా హరిశ్చంద్రుడు సుంకం అడుగుతాడు. ఇక్కడే కొత్త ప్రేక్షకులు ఎదురుతిరుగుతారు, ఇదేం సత్యం, కన్నకొడుకు కట్టెకు డబ్బులడుగుతాడా అని. మనిషి ఉద్దేశం తెలియాలంటే ఆ సుంకం ఎవరిదో అడగాలి. అది హరిశ్చంద్రుడిది కాదు. తనను కొన్న వీరబాహుడిది. తను అమ్ముడుపోయిన మనిషి, యజమాని సొమ్మును తన కొడుకు కోసం మాఫీ చేసే హక్కు లేదు. సుంకం తనదే అయితే ఒక్క మాట కూడా అడిగేవాడు కాదు. పరాయి సొమ్ము అన్న మాటను వచనంలో ఒక్కసారి స్పష్టంగా పలికితే ఊళ్లో జీతమున్న ప్రతి మనిషికీ అర్థమవుతుంది. పలకకపోతే అది మొండితనంగా కనిపిస్తుంది.

ముగ్గురు కూతుళ్లకు రాజ్యం పంచిన లియర్ రాజు కథ మా ప్రాంతంలో ఎవరికైనా చెప్పి చూడండి, ఎక్కువ వివరించాల్సిన అవసరం రాదు. ఉన్న భూమి కొడుకుల పేర పట్టా చేసి, నెలకొకరి ఇంట్లో వంతులకు తినే ముసలివాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. కానీ మొదటి రంగంలో ఒక సంగతి చాలామంది దాటిపోతారు. రాజు కూతుళ్లను ఎవరికి ఎంత ప్రేమ అని అడగకముందే, రంగం మొదట్లోనే కొలువులోని గ్లాస్టర్, కెంట్ మాటల్లో పంపకం తేలిపోయినట్టు తెలుస్తుంది. వాటాలు ముందే గీశారు. మరి పోటీ ఎందుకు? లియర్‌కు కావలసింది తీర్పు కాదు, సభలో పొగడ్త. చిన్నకూతురు కార్డీలియా ఏమీ లేదని చెప్పడం పంపకాన్ని కాదు, ఆ వేడుకను చెడగొట్టింది. అందుకే అంత కోపం.

ఆ తర్వాత లెక్కలు చూడండి. రాజ్యం ఇచ్చేసినా వందమంది భటులను అట్టిపెట్టుకుంటాడు. పెద్దకూతురు గోనెరిల్ ఒక్కదెబ్బకు యాభై తగ్గిస్తుంది. రెండో కూతురు రీగన్ దగ్గరికి పోతే ఇరవై ఐదు చాలంటుంది. అప్పుడు లియర్ మళ్లీ గోనెరిల్‌వైపు తిరిగి, నీ యాభై ఈమె ఇరవై ఐదుకు రెట్టింపు, అంటే నీ ప్రేమ రెట్టింపు అంటాడు. మొదటి రంగంలో చేసిన తప్పే మళ్లీ చేస్తున్నాడు, ప్రేమను కొలతతో చూస్తున్నాడు. ఆమె ఇరవై ఐదు, పది, ఐదు ఎందుకు అంటుంది. రీగన్ ఒక్కడైనా ఎందుకు అంటుంది. రెండో అంకం నాలుగో రంగంలో ఈ అంకెలు ఒక్కొక్కటీ పడుతున్నప్పుడు నటుడు అరవకూడదు. చివరిదాకా బేరం చేసే ముసలాయనగానే ఉండాలి, ఆ తర్వాతే తుపాను. గోనెరిల్ వైపునుంచీ ఒకసారి చదవాలి. వందమంది మనుషులు ఇంట్లో తిని తాగి అల్లరి చేస్తుంటే ఏ ఇల్లాలికైనా విసుగు వస్తుంది. ఆమె మొదటి మాటలో న్యాయం ఉంది. ఆ న్యాయాన్ని పట్టుకొని ఎంత దూరం పోయిందన్నదే ఆమె కథ.

మక్బెత్ గురించి ఒక్క చోటు చాలు. మొదటి అంకం ఏడో రంగంలో రాజు డంకన్‌ను చంపకూడదని కారణాలన్నీ తనే లెక్కపెట్టుకుంటాడు. బంధువు, రాజు, ఇంటికొచ్చిన అతిథి, పైగా మంచివాడు. ఇక ఈ పని వద్దని భార్యతో చెప్పేస్తాడు కూడా. ఆమె మగతనం మీద, ప్రేమ మీద దెబ్బ కొడుతుంది. అప్పుడతడు అడిగేది "ఒకవేళ మనం తప్పితే?" అని. ఆ ప్రశ్నతోనే పడిపోయాడు. అంతవరకు అది తప్పు అన్నవాడు, ఇప్పుడు అది కుదురుతుందా అంటున్నాడు. కావలివాళ్లకు తాగించే ఉపాయం ఆమె చెప్పగానే ఒప్పుకుంటాడు. అత్యాశ అని మాత్రమే రాసే గైడు ఈ మలుపును చూపించదు.

తండ్రిని చంపి రాజైన పినతండ్రి మీద పగ తీర్చుకోవడంలో హామ్లెట్ చేసే ఆలస్యం గురించి పుస్తకాలకు పుస్తకాలు రాశారు. మూడో అంకం మూడో రంగంలో ఆ రాజు మోకరిల్లి ప్రార్థిస్తుంటే హామ్లెట్ కత్తి తీసి, ఇప్పుడు చంపితే వీడు స్వర్గానికి పోతాడని ఆగిపోతాడు. అతడు పోయినంక రాజు లేచి, మాటలు పైకి పోయాయి గానీ మనసు కిందనే ఉందంటాడు. ప్రార్థన పనిచేయలేదు. ఈ సంగతి మనకు తెలుసు, హామ్లెట్‌కు ఎప్పటికీ తెలియదు. ఆ రాజు పలికిన రెండు పంక్తులను కోత వేసి ఆడితే మొత్తం రంగం దండగ.

బాగోతం పుస్తకాలు ఇప్పుడు దొరికేవి చాలావరకు పొడుగాటి లెక్కల పుస్తకాల్లో చేత్తో రాసుకున్నవి. వాటిలో దరువులు, ద్విపదలు, కందాలు, సీసాలు పూర్తిగా ఉంటాయి. వచనం దగ్గరికి వచ్చేసరికి "రాజు వచనం", "చిత్రాంగి వచనం" అని తలకట్టు ఒకటి రాసి వదిలేసి ఉంటుంది, లేదా మొదటి నాలుగు మాటలు ఉంటాయి. వేషగాడికి నోటికి వచ్చు, రాయాల్సిన పని లేదు. కానీ పాత్ర ఎందుకు చేసిందన్నది ఉండేది ఆ వచనంలోనే. పద్యం దుఃఖాన్ని చెబుతుంది, కారణాన్ని వచనం చెబుతుంది. కాటికాపరి పరాయి సొమ్ము అన్నది వచనంలో, చిత్రాంగి డెక్కల చప్పుడు విని అనుకున్నది వచనంలో. రాజు వేషాలు కట్టినవాళ్లు, ఆడవేషాలు కట్టినవాళ్లు డెబ్బై ఎనభై ఏండ్ల వయసులో ఇంకా కొందరు ఊళ్లలో ఉన్నారు. వాళ్ల దగ్గరికి పోయేవాళ్లు పద్యం పాడమని అడిగి, ఫోనులో ఎక్కించుకొని వస్తున్నారు. పద్యం పుస్తకంలో ఎట్లాగూ ఉంది. అడగాల్సింది పద్యం ముందర ఏమనేవారు, పద్యం అయినంక ఎదుటి వేషం ఏమనేది అని. ఒక్కరినే కాకుండా, ఆ రెండు వేషాలు కట్టినవాళ్లిద్దరినీ ఒకచోట కూర్చోబెడితే మంచిది. ఒకరి మాట అందిస్తే రెండో మాట దానంతట అదే వస్తుంది. వచ్చిన వచనాన్ని వాళ్లు పలికిన యాసలోనే, దిద్దకుండా, ఆ పుస్తకంలో ఖాళీ వదిలిన చోటనే రాసిపెట్టాలి.